ళ పలకని గొంతు

పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి అమ్మడం నా వ్యాపారం. కదలని సరుకును ముద్దు చేసేవాడు ఈ వ్యాపారానికి పనికిరాడు. అందుకే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఆ పాత సిస్టమ్‌ని వదిలేద్దామంటున్నారు మావాళ్ళు" అన్నప్పుడు, ఇన్నాళ్ళూ ఎందుకు మోశారని అడిగాను.

అమ్మాయి చూసుకునేది ఒక లైబ్రరీని. పుస్తకాలది కాదు. టైపు చేసిన మాటను పైకి పలికించే ప్రోగ్రాములకు అడుగున ఉండే సరంజామా. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా అది ఒకేలా పనిచేయాలి. తనతోపాటు తలా ఒక ఊళ్ళో కూర్చున్న మరికొందరు దానికి మరమ్మతులు చేస్తుంటారు. ఆ సిస్టమ్‌లలో ఒకటి బాగా ముసలిది. కన్నవాళ్ళే దాన్ని ఎప్పుడో వదిలేశారు. కొత్తగా ఏది రాసినా దాని దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతుంది.

"మరి వదిలేయండి. దానికింత ఆలోచనెందుకు?"

"మామయ్య మాట్లాడేది దానిమీదే నాన్నా."

చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

మామయ్యంటే మా అక్క మొగుడు, నాకు బావ. గొంతులో కణితి లేచి, డాక్టర్లు స్వరపేటిక తీసేశాక, నేనే నా కొట్లోంచి ఒక కంప్యూటరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన టైపు చేస్తాడు, అది పలుకుతుంది. ఆ గొంతును తయారుచేసిన కంపెనీ మూతపడింది. ఆ ముసలి సిస్టమ్ మీద తప్ప ఇంకెక్కడా అది నోరు తెరవదు. పైగా దానికి ళ పలకదు. బావ ఒకసారి అక్కను మెచ్చుకోబోతే, "నీ కల్లు చూస్తే మత్తెక్కుతుంది" అంది యంత్రం. "ఇంట్లో కల్లెక్కడిది, ముసలాయనా!" అని అక్క పడీపడీ నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. అప్పట్నుంచీ బావ ళ ఉన్న మాటలే ఏరికోరి వాడతాడు.

"వదిలేసినంత మాత్రాన అది రేపే ఆగిపోదు" అంది అమ్మాయి. "కానీ మరమ్మతులు అందవు. ఇప్పటికే మాట మధ్యలో బిగుసుకుపోతోంది. మాట రాని పిల్లలు ఫోన్లో వాడుకునేది మేం తయారుచేశాం నాన్నా. దీనివల్లే అది బయటికి రావట్లేదు. అందరూ నా మొహం చూసి ఆగారు. నువ్వే మామయ్యకు చెప్పు."

బేరాలాడి బతికినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. కొత్త కంప్యూటరు, అందులో కొత్త గొంతు పెట్టించి, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

బావ అంతా విని టైపు చేశాడు. "అప్పుడు ముసల్దాన్ని అంటగట్టావు. ఇప్పుడు రెండో పెల్లా, బామ్మర్దీ?"

"ఆ రోజు కొట్లో ఉన్నది అదే బావా."

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "నా కోసం పిల్లలు నోరు మూసుకుని కూర్చోవాలా? తీసెయ్ తల్లీ. నాకు ఇన్నేల్లు..." అని యంత్రం అక్కడే బిగుసుకుపోయింది.

కొత్తదాన్ని ముందుకు జరిపాను. బావ కాసేపు వేళ్ళు ఆడించి, ఒక వాక్యం కొట్టాడు. వార్తలు చదివేవాడి గొంతులా వచ్చింది: "నీ కళ్ళు ఎలా ఉన్నాయి?" ఎక్కడా మచ్చ లేదు.

వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం వైపు చూసింది. "ఎవర్రా వచ్చింది?"

ఎవరూ రాలేదు. బావ చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ళ బదులు ల పలికేలా దీనికీ చెప్పొచ్చు మామయ్యా, ఒక్క నిమిషం పని" అంది అమ్మాయి తడబడుతూ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. పాతదాన్ని ఆపి, మళ్ళీ తెరిచి, దానితోనే అనిపించాడు: "దొంగ నత్తి నాకొద్దు."

"అయితే పాతదాన్ని తీయొద్దని మావాళ్ళకు చెప్పేస్తాను" అని అమ్మాయి లేచింది. నేను అడ్డు చెప్పలేకపోయాను.

ఇందాక విన్న గొంతు బావదేనని అక్కకు అప్పుడు అర్థమైంది. ముక్కాలిపీట లాక్కుని బావ ఎదురుగా కూర్చుంది.

"ఆ పాత గొంతు మాత్రం మీ అమ్మ ఇచ్చిందా? మొదట్రోజు అది విని స్నానాలగదిలో ఏడ్చాను. రేకుడబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుండేది. రోజూ నాతో పోట్లాడితే మీదైంది. దీంతోనూ పోట్లాడండి."

అక్క కొత్తదాన్ని ఆయన చేతుల కిందికి జరిపింది.

"పొద్దున కుళాయి కట్టేయకుండా వదిలేసింది ఎవరు?"

ఆయన కళ్ళెర్రజేశాడు. కొత్త గొంతు ఎంతో మర్యాదగా అంది: "నువ్వే."

"నేనా! నేనింకా మంచమే దిగలేదు."

"రోజూ నువ్వే. నిరుడు బియ్యంబస్తా తడిసిందీ నీవల్లే."

"బస్తా కుళాయి పక్కన పెట్టిందెవరు? అబ్బో, గొంతు మారింది కానీ బుద్ధి మారలేదు!"

బావ వేళ్ళు వేగం పుంజుకున్నాయి. అక్క వైపు చుట్టాల్లో ఉన్న మొండివాళ్ళందరినీ ఆయన ఒకే వాక్యంలోకి ఎక్కించాడు. అది ఎక్కడా బిగుసుకోకుండా చివరిదాకా వినిపించింది. మొదట్లో యంత్రానికి జవాబు చెబుతున్న అక్క, నా పేరు కూడా ఆ వరసలోకి వచ్చేసరికి ఆయన మొహంలోకే చూస్తూ, "మా తమ్ముణ్ణి అన్నారంటే ఊరుకోను!" అంది.

అమ్మాయి పక్క గదిలోకి వెళ్తే నేనూ వెనకే వెళ్ళాను. తను ల్యాప్‌టాప్ తెరిచి, సరే, తీసేయండని వాళ్ళవాళ్ళకు రాసింది. చాలాసేపు కళ్ళు తుడుచుకుంది.

"బామ్మర్దీ, మీ అక్కకు చెప్పు" అని బావ గదిలోంచి పిలుపు వచ్చింది.

"మీ ఇద్దరి మధ్యా బేరం నావల్ల కాదు బావా!" అని ఇక్కణ్ణుంచే అరిచాను.