తివాచీలో రెండో సగం

ఒర్షోయా ఉల్లిపొట్టు ఉడికిన రంగునీళ్లలోంచి ఉన్ని తీసి పిండుతుంటే, మొగుడు దేనెష్ గుమ్మంలోంచే అన్నాడు. “ఈస్టర్‌కల్లా అమ్మ తివాచీ పూర్తవ్వాలి ఒర్షీ. చర్చికిస్తానని పాస్టరుగారికి మాటిచ్చాను.”

మాటిచ్చింది ఆయన, నేయాల్సింది ఒర్షోయా.

వాళ్ల మగ్గం సన్నం. తివాచీని రెండు సగాలుగా నేసి నడుమ కుట్టాలి. అత్తగారు రెబెకా ఒక సగం ముగించి ఈ చలికాలం పోయింది. రెండో సగంలో పూలు ఆ పూలతో సరిగ్గా కలవాలంటే దారాలు లెక్కపెడితే చాలదు, పోగుల్ని బిగించే మగ్గం పలకను అదే బలంతో కొట్టాలి. అంటే చచ్చిపోయిన మనిషి చెయ్యి కావాలి. “గట్టిగా కొట్టవే, తిండి తినడంలేదూ?” అని ఇరవయ్యేళ్లు పొడిచిన అత్తగారి గొంతు ఇప్పుడు ఒర్షోయా నోట్లోంచే వస్తోంది. కూతురు ఝోఫీ మొన్న, “అమ్మా, అచ్చం నానమ్మలా దగ్గుతున్నావు” అంది. తివాచీ పూర్తయ్యేసరికి తనంటూ మిగలదేమోనని ఒర్షోయాకి భయం వేసింది. ఆ గొంతు వచ్చినప్పుడల్లా పెదాలు బిగబట్టుకునేది.

ఆదివారం పాస్టరుగారు వచ్చారు. “ఈ చుక్క, ఈ పువ్వు టర్కీవాళ్ల దగ్గర్నుంచి వచ్చాయండీ. మా వంశంలో మూడు తరాలుగా ఉన్నాయి” అని దేనెష్ పాలింకా సారా పోస్తూ మురిసిపోయాడు. బంగాళాదుంప రొట్టె పళ్లెం పట్టుకుని ఒర్షోయా పక్కనే నిలబడింది. నమూనా ఏ దేశం నుంచి వచ్చిందో అందరికీ తెలుసు, ఏ చేతుల్లోంచి వచ్చిందో అడిగే దిక్కు లేదు.

మర్నాడు కొలత చూద్దామని అత్తగారి సగాన్ని అంచుదాకా విప్పింది. ప్రతి సగం చివరా ఒక గడి ఉంటుంది, ఇంటి యజమాని పేరులోని అక్షరాలకి. రెబెకా గడి ఖాళీగా ఉంది. ఒక్క పోగు మరిచే మనిషి కాదామె. “పేరు వాళ్లది, నడుంనొప్పి మనది. నోర్మూసుకుని నెయ్యి” అని ఆమె అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడది తిట్టనుకుంది. ఇప్పుడు ఆ ఖాళీ గడి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తన సగం చివర తన పేరులోని మొదటి అక్షరం నేసింది. ఖాళీ గడిలో సూదితో అత్తగారిది కుట్టింది.

ఈస్టర్ ముందురోజు దేనెష్ తివాచీ పరిచి చూశాడు. పూలన్నీ కలిశాయి. “నా అక్షరాలేవీ?”

“మీరు నేసిన రోజున వేసుకుందురుగాని.”

ఝోఫీ ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఆ గొంతు అచ్చం నానమ్మదే. ఈసారి ఒర్షోయా పెదాలు బిగబట్టలేదు.