రాత్రి డ్యూటీ కోడలు

వరంగల్‌లో కిరాణా దుకాణం నడిపే పాండురంగం ఇంట్లో ఆ ఉదయం సందడిగా ఉంది. ఎనుమాముల మార్కెట్ నుంచి ఏడాదికి సరిపడా మిరపకాయలు వచ్చాయి. వాకిట్లో చాప పరిచి ఆయన భార్య నిర్మల, కోడలు అనూష తొడిమలు తీస్తున్నారు. చూడడానికి ముచ్చటైన దృశ్యమే. అయితే ఆ కోడలు హన్మకొండలోని ఒక దవాఖానలో రాత్రంతా నర్సుగా పనిచేసి అప్పుడే ఇల్లు చేరిందని దారిన పోయేవారికి తెలియదు.

నిర్మల చెడ్డ మనిషి కాదు. కోడలి ఉద్యోగం గురించి నలుగురిలో గొప్పగానే చెప్పుకుంటుంది. కానీ పొద్దెక్కాక ఆడపిల్ల పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని ఆమెకు గట్టి నమ్మకం. చుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళు కోడలే ఇవ్వాలి. అనూష కాస్త నడుం వాల్చగానే ఎవరో ఒకరు వస్తారు, అత్త పిలుస్తుంది. దీపాలు పెట్టే వేళకు పడకమీద ఉండడం మరీ అశుభం. ఇక ఆ పిల్ల నిద్రపోయేదెప్పుడు? ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

కొన్నాళ్ళకు అనూషకు మతిమరుపు మొదలైంది. పప్పులో ఉప్పు వేసి, మళ్ళీ వేసేది. ఖాళీ గిన్నె పొయ్యిమీద పెట్టి మరిచిపోయేది.

"నీ మతి దవాఖానల్నే ఇడ్సిపెట్టి వత్తానవా ఏంది?" అని భర్త అనిల్ ఎగతాళి చేస్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. అనూష కూడా నవ్వింది.

ఇవాళ ఆమె ముఖంలో నవ్వు లేదు. మిరపకాయ చేతిలో ఉండగానే తల వాలిపోతోంది. అంతలో దవాఖానలో ఆమెకు పై నర్సయిన అరుణ, డ్యూటీ దిగి ఇంటికి పోతూ అక్కడ ఆగింది. అనూష నీళ్ళ చెంబు కోసం లేవబోయింది.

"నువ్వు కూసో," అని అరుణ నిర్మల వైపు తిరిగింది. "అక్కా, ఈమె ఇంక పండుకోలేదా?"

"పట్టపగలు పండుకునుడేందమ్మా?"

"రాత్రి ఏమైందో చెప్పిందా?"

నిర్మల కోడలిని చూసింది. అనూష వంచిన తలతోనే ఇంకో మిరపకాయ అందుకుంది.

"ఒకలకు ఇయ్యాల్సిన సూది ఇంకొకలకు ఇయ్యబోయింది. నేను చెయ్యి పట్టుకొని ఆపిన. జర ఆలస్యమైతే ఓ పానం పోతుండె. ఇంకోసారి గిట్లయితే ఈమె నౌకరి ఉండది."

"సదువుకున్న పిల్లనాయె! మందు పేరు సూస్కోరాదా?"

"చూసింది అక్కా. కండ్లు తెరిచే ఉన్నయి, మెదడే పండుకున్నది. నిద్ర లేని మనిషికి, తాగిన మనిషికి పెద్ద ఫరక్ ఉండదు. ఎంత తెలివిగల్లోళ్ళయినా అంతే."

"ఎవలకు ఇయ్యబోయింది?" నిర్మల గొంతు తగ్గింది.

"కేసముద్రం కాడి నుంచి వచ్చిన ముసలామె, చిలుకమ్మ. ఆమెకు ఈ సంగతి తెల్వది. పొద్దుగాల నన్ను పిలిచి, 'రాత్రంత నన్ను సూస్కున్నది, ఆ బిడ్డ సల్లగుండాలె' అని దీవించింది."

ఆ మాట వినగానే అనూష భోరుమంది. చేతుల నిండా కారం. కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీలు లేదు.

నిర్మల తన కొంగుతో కోడలి కళ్ళు తుడిచింది. "లే బిడ్డా, పోయి పండుకో. నేను లేప, ఎవల్నీ లేపనియ్య."

చదువరులారా! మతి మందగించిందని మనం నవ్వుకునే మనుషుల్లో ఎందరు కంటినిండా నిద్రపోతున్నారో ఒక్కసారి అడిగి చూడండి. రాత్రంతా మనకు కాపలా ఉండేవారి పగటి నిద్రకు మనమే కాపలా ఉండాలి.