ఆఖరి లాటు బండి

ఇంజను కింద పెట్టిన పళ్ళెంలోకి పాత ఆయిలు దించి, ఫల్గుణ దాన్ని వేలితో కలియబెట్టి చూశాడు. నల్లటి ఆయిల్లో బియ్యపు నూకల్లాంటి తెల్లటి పలుకులు తగిలాయి. లేచి, బండి తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదేటన్నా, తాళం తీసీసినావు?" అంది నిర్మల. ఆమె డుంబ్రిగూడ వైపు ఊళ్ళు తిరిగే నర్సమ్మ. టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉంది.

"ఈ బండి ఇంక నడపకు నిర్మలమ్మా. లోపల గేరు ఊడిపోతన్నాది."

"రేపు నాలుగూళ్ళు తిరగాలన్నా నాను."

"నడిచెల్లు. లేదంటే మానెయ్."

ఫల్గుణ అలా కటువుగా మాట్లాడే మనిషి కాదు. అరకు రైలు గేటు దగ్గర ఇరవై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాడు, కస్టమరు మీద గొంతు లేపింది లేదు. నిర్మల అతని మొహం చూసి మరి వాదించలేదు. పెట్టె భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ బండి పేరు శిఖర. ఎక్కడో ఉత్తరాదిలో పెట్టిన కొత్త కంపెనీ నాలుగేళ్ళు అమ్మి మూతబడింది. కొండ రోడ్లకి అంతకన్నా మంచి బండి లేదనిపించింది మొదట్లో. తేలిక, ఎత్తు, ఇద్దరిని ఎక్కించుకుని బురదలో కూడా ఎక్కేది. ఏజెన్సీలో ముప్పై నలభై మంది కొన్నారు. దాని లోపం లోపలెక్కడో ఉంది. ఇంజనుకి ఆయిలు తోడే పంపుని తిప్పడానికి కంపెనీవాళ్ళు నైలాన్ గేరు పెట్టారు. అది ఏ బండికి ఎప్పుడు పోతుందో లెక్క లేదు. పోతే ఆయిలు ఆగిపోతుంది, ఇంజను పట్టేస్తుంది, పరుగెత్తే బండికి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో అలా జరిగితే ఏమవుతుందో ఫల్గుణ ఊహించుకోదలచుకోలేదు.

అతనికి ఇది తెలిసి ఆరేళ్ళయింది. మొదటి ఇంజను విప్పినప్పుడే విశాఖపట్నంలో బండ్లమ్మిన షోరూముకి ఫోన్ చేశాడు. "కంపెనీకి తెలుసు. ఆఖరి లాటులో, అంటే చివర్న తయారయ్యే బండ్లకి, స్టీలు గేరు వేస్తున్నారు. నువ్వు మాత్రం ఊరంతా చాటకు, అమ్మకాలు పోతాయి," అన్నాడు అక్కడి మేనేజరు. ఫల్గుణ చాటలేదు. తన షెడ్డుకి వచ్చినవాళ్ళకి మాత్రం చెప్పాడు. పాడైన బండ్లలోంచి పనికొచ్చే గేర్లు ఏరి ఏరి వేశాడు. అవీ అయిపోయాయి. ఇనుము కోసి సామాన్లు చేసే లేతులవాళ్ళని అడిగితే, పళ్ళు సరిగా ఉన్న గేరు ఒక్కటి నమూనాకి తెస్తే చేస్తామన్నారు. అతని డబ్బాలో ఉన్నవన్నీ పళ్ళరిగిన బోడివే.

వారం రోజులు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. చివరికి సాలూరులో పాత ఇనుము కొనే ప్రసాద్ చెప్పాడు. "పాచిపెంటలో ఒకటుంది. ఆఖరి లాటుదే, కాయితాలు నాను సూసినాను. మూడేళ్ళయి కదల్నేదు. ముసిలాయన వరహాలని, ఎవులికీ ఈనంటాడు. నువ్వెల్లి అడుగు."

మర్నాడే పనిముట్ల సంచి పట్టుకుని ఫల్గుణ బస్సెక్కాడు. ఎస్.కోట, గజపతినగరం, సాలూరు దాటి పాచిపెంట చేరేసరికి మధ్యాహ్నమైంది.

వరహాలుది ఊరి చివర పెంకుటిల్లు. మెడలో తులసిపూసలు, భుజాన తువ్వాలు, అరవై దాటిన సన్నటి మనిషి. అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఫల్గుణ తనెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు. "బండి మొత్తం అక్కర్లేదు బాబాయ్. లోపల చిన్న గేరు ఒకటి. టీకాలేసే ఆడకూతురి కోసం."

వరహాలు జవాబు చెప్పేలోగా పక్కన పశువుల పాక లోంచి ఆడగొంతు వినబడింది. "ఒసే గౌరీ, ఎవుళో ఎండలోంచొచ్చినారు. మంచినీల్లిమ్మని సెప్పే మీ అయ్యకి."

ఫల్గుణ అటు చూశాడు. ఒకావిడ గేదెకి గడ్డి వేస్తోంది. ఆమె మాట్లాడింది గేదెతోనే.

వరహాలు లేచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "మా ఆడది రాజులమ్మ. నాతోటి మాటాడదు," అన్నాడు, మామూలు సంగతి చెబుతున్నట్టు. "బండి మా గుంటడిది, పోయిన కొడుకుది. గోపి. సుంకి సంతకీ పొట్టంగి సంతకీ బట్టల మూట ఏసుకుని ఎల్లీవోడు. ఇనపకొట్టోళ్ళు ముగ్గురొచ్చి అడిగినారు, ఈనేదు. ఎందుకీనేదో నాకే తెల్దు. దాన్ని ముట్టుకోనూనేదు."

"ఎలా పోయాడు బాబాయ్?"

"తాగీసి పడిపోనాడు."

పొడిగా అనేశాడు. పాకలో గడ్డి చప్పుడు ఆగింది.

"సుంకి ఘాట్లో. ఆ పొద్దు పొట్టంగిలో నేస్తుడి పెల్లి. ఆడి కాడ సారా వాసనేసిందన్నారు శవాన్ని తీసినోళ్ళు. బండి దానంతటదే అడ్డం తిరిగిపోనాదని లారీ డ్రైవరొకడన్నాడు గానీ, తాగినోడి బండి అలగే తిరుగుతాది కదేటి." వరహాలు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "రా. సూద్దువు గాని."

బండి వెనక వసారాలో గోనెసంచుల కింద ఉంది. హ్యాండిలు వంగి, ట్యాంకు ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. మీటరు చూశాడు ఫల్గుణ. పెద్దగా తిరగలేదు. కిక్కు మీద కాలేసి తొక్కాడు. కదల్లేదు. ఒళ్ళంతా బరువేసి తొక్కాడు. రాయిని తొక్కినట్టుంది.

మూడేళ్ళు ఊరికే ఉంటే తుప్పుకి కూడా అలా పట్టేయొచ్చు. ఫల్గుణ తనకి తాను అదే చెప్పుకున్నాడు. ఆఖరి లాటు కదా, లోపల స్టీలు గేరుంటుంది అనుకున్నాడు. పక్క కవరు బోల్టులు విప్పాడు.

కవరు ఊడింది. స్టీలు గేరు లేదు. పసుపు తిరిగిన నైలాన్ గేరు అతనికేసి చూస్తోంది. మిగిలిపోయిన పాత సరుకంతా ఆఖరి లాటులోనూ బిగించేశారన్నమాట. గేరు చుట్టూ పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి, ఒక్కచోట తప్ప. అక్కడ వరసగా నాలుగు పళ్ళు మొదలంటా విరిగిపోయాయి. విరిగిన ముక్కలు కింద ఆయిలు వడగట్టే జల్లెడలో ఉన్నాయి. పంపు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది, అంటే పోయింది గేరొక్కటే. హెడ్డు విప్పి చూశాడు. పిస్టను సిలిండరు గోడని గీరుకుంటూ సగంలో ఆగి, అతుక్కుపోయి ఉంది. అది తుప్పు కాదు. ఆయిలు లేక కాలిన నలుపు.

ఫల్గుణ జల్లెడలోంచి ముక్కలు ఒక్కొక్కటీ ఏరాడు.

"దొరికినాదేటి?" అన్నాడు వరహాలు.

"బాబాయ్, ఇలా కూర్చో."

చెప్పాడు. విరిగిన పళ్ళు అరచేతిలో పెట్టి చూపించాడు. ఆయిలు ఎలా ఆగిందో, ఇంజను ఎలా పట్టేసిందో, చక్రం ఎలా బిగిసిందో ఒక్కొక్కటీ చెప్పాడు. "ఆ లారీ డ్రైవరు చెప్పింది నిజం బాబాయ్. గోపి తాగాడో లేదో నాకు తెలీదు. తాగకపోయినా పడేవాడే. నేను నడిపినా పడేవాణ్ణే."

వరహాలు ఆ ముక్కల్ని వేలితో అటూ ఇటూ దొర్లించాడు. గోళ్ళంత లేవు.

"ఈ బండ్లకి ఇలగవుతాదని నీకెప్పుడు తెలిసినాది?"

మొన్నే తెలిసిందంటే సరిపోయేది. ఆ ముసలాయన ఎవరిని వెళ్ళి అడుగుతాడు?

"ఆరేళ్ళయింది," అన్నాడు.

"మావోడు పోయి మూడేళ్ళు."

"అవును బాబాయ్."

"మరి మాకెవులూ సెప్పనేదేటి?"

"షోరూమువాళ్ళు చాటొద్దన్నారు. నా దగ్గరకొచ్చినోళ్ళకి చెప్పాను. రానోళ్ళని వెతుక్కుంటూ వెళ్ళలేదు. వెళ్ళాల్సింది."

తిడతాడనుకున్నాడు. కొట్టినా పడదామనుకున్నాడు. వరహాలు తల దించుకున్నాడు. "మసానంలో అందరూ ఏడస్తంటే నాను ఏడవనేదు బాబూ. తాగి సచ్చినోడి కోసం నానేటికేడవాలి అనీసినాను. భజన గుంపంతా అక్కడే ఉన్నారు, నా పరువు సూసుకున్నాను. అది ఇన్నాది మా ఆడది. ఆ దినం నుంచే." ముక్కలు తిరిగిచ్చేసి అన్నాడు, "నువ్వెల్లి దానికి సెప్పు. నాను సెప్తే ఇనదు."

చెప్పక్కర్లేకపోయింది. రాజులమ్మ వసారా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. ఆమె వచ్చి, ఫల్గుణ చేతిలో గేరు తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో తడిమింది.

"మసానంలో ఊరు ఊరంతా ఉంది," అంది ఫల్గుణతోనే. "ఇక్కడ ముగ్గురం ఉన్నాం."

గేరు తిరిగి అతని చేతిలో పెట్టి పాకలోకి వెళ్ళిపోయింది.

ఆ మాట వరహాలుకి తగలాల్సిన చోటే తగిలింది. ఫల్గుణని ఆ పూట వెళ్ళనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గేరూ ముక్కలూ కాగితంలో పొట్లం కట్టుకుని, అతన్ని వెంటబెట్టుకుని రామమందిరం దగ్గరికి నడిచాడు. భజన గుంపులో మనుషులు పదిమంది దాకా అక్కడ టీలు తాగుతున్నారు. వరహాలు నిలబడే చెప్పాడు.

"మా గోపి తాగి పడిపోనేదు. బండిలో సామాను ఇరిగిపోనాది. ఇదిగో, మెకానిక్కు బాబొచ్చి ఇప్పి సూపించినాడు. ఆ దినం నానన్న మాట తప్పు. మీరందరూ ఇన్నారు కాబట్టి మీకు సెప్తన్నాను."

ఒకాయన పొట్లంలోకి తొంగి చూశాడు. "ఇంత ముక్కకేనేటి?" అన్నాడు. ఇంకొకాయన టీ గ్లాసు పక్కన పెట్టి, "పోన్లే వరహాలూ. మూడేళ్ళయిపోనాది. ఏదైతే ఏటి, పోయినోడు పోనాడు. కూకో, టీ తాగు," అన్నాడు. అతను మంచిగానే అన్నాడు. వరహాలు కూర్చోలేదు. ఇంకెవరైనా ఏదైనా అంటారేమోనని కాసేపు చూసి, పొట్లం మడిచి ఫల్గుణ చేతికిచ్చాడు.

"తీస్కెల్లు. మిగతా పల్లు బాగున్నాయన్నావు కదా. సూసి కొత్తవి సెయ్యించు."

ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి రాజులమ్మ పెరట్లో ఉంది. ఫల్గుణకి చద్దన్నం, ఉల్లిపాయ పెట్టింది. మొగుడికి కూడా పెట్టింది. పెట్టేటప్పుడు గేదెతో కూడా ఏమీ అనలేదు.

విశాఖపట్నంలో లేతులవాళ్ళకి ఆ నమూనా చూసి స్టీలు గేర్లు కోసి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. మొదటిది నిర్మల బండికి బిగించాడు. ఆ మూడు వారాలూ ఆమె టీకాల పెట్టెతో కొండలు నడిచింది, కాళ్ళకి పుళ్ళు పడ్డాయి. బండి స్టార్టయినప్పుడు చిన్నపిల్లలా నవ్వి, "నమూనా ఎవులిచ్చినారన్నా?" అంది. చెప్పాడు. ఆమె బండి ఆపేసి కిందికి దిగింది.

అప్పటి నుంచి ఫల్గుణ ఆదివారాలు షెడ్డు మూసేసి శిఖర బండ్లు వెతుక్కుంటూ తిరిగాడు. గూడెం కొత్తవీధి వెళ్ళాడు, చింతూరు దాకా వెళ్ళాడు. కొందరు బండ్లు అమ్మేశారు. కొందరు నవ్వారు, బాగా నడిచే బండి విప్పడమేంటని పంపేశారు. వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. చింతూరు పక్క ఊళ్ళో ఒక ఇంట్లో, బండి ఉందా అని అడిగితే ఒకావిడ లోపలికెళ్ళి మొగుడి ఫోటో తెచ్చి చూపించింది. దండ వేసి ఉంది. అక్కడ కూడా కూర్చుని, మొదట్నుంచి అంతా చెప్పాడు. తనకి ఎప్పుడు తెలిసిందో కూడా.

వానలు తగ్గాక, విప్పిన ఇంజను కవరు బిగించి వద్దామని పాచిపెంట వెళ్ళాడు. ఇల్లు తలుపు తీసే ఉంది. పాక ఖాళీగా ఉంది. వరహాలు పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని ఊదుతున్నాడు.

"పిన్ని లేదా బాబాయ్?"

"మక్కువ ఊల్లో ఆల్ల తమ్ముడింటికి ఎల్లిపోనాది. గేదెనీ తోలుకెల్లిపోనాది."

"ఎప్పుడొస్తుంది?"

"రాదు." పొగకి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎల్లీముందు నాతోటి మాటాడింది బాబూ. మూడేళ్ళకి. 'ఇన్నాళ్ళూ నీమీద కోపంతోటి బతికేసినాను, ఇప్పుడు అదీ నేదు, ఈ ఇంట్లో ఉండనేను' అంది. నాను ఉండిపొమ్మననేదు. ఏటని అడగ్గలను?"

ఫల్గుణ సంచి కింద పెట్టాడు. ఏదో చెప్పాలని ఉంది. ఆ రోజు మొన్నే తెలిసిందని చెప్పి ఉంటే, అసలు రాకపోయి ఉంటే, అసలు ఆరేళ్ళ కిందటే ఊరూరా తిరిగి ఉంటే.

"కవరు బిగించనా బాబాయ్?"

"ఒద్దు. అలగే ఉండనీ." వరహాలు గిన్నెలో టీ పొడి వేశాడు. "ఎన్ని బండ్లకేసినావు?"

"పద్నాలుగు."

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఇరవై దాకా ఉంటాయనుకుంటా."

వరహాలు తలూపాడు. టీ రెండు గ్లాసుల్లో పోశాడు. పంచదార వేశాడో లేదో గుర్తు లేక ఇంకో చెంచా వేశాడు. ఫల్గుణ ఆ పాకంలాంటి టీని ఆఖరి గుక్క వరకూ తాగాడు.

"బేగి ఎల్లు బాబూ," అన్నాడు వరహాలు. "సాలూరు బస్సు దాటిపోతాది."