వంటింట్లో ఉండేవాళ్ళు

"వంటింట్ల ఎవరుంటరే? సున్నా రాయి" అన్నాడు నరహరి, చాయ్ గ్లాసు కోసం గుమ్మంలోంచి చెయ్యి చాపి. ఆ చేతిలో గ్లాసు పెట్టింది సుమన. ఆమె మొహం చూస్తూనే అన్నాడు ఆ మాట.

ఇంతకీ సంగతేమిటంటే, నరహరి మిల్లులకూ దుకాణాలకూ ఏసీలు బిగించే మనిషి. కరోనాతో పని పడిపోయింది. ఏ భవనం ఎంత కరెంటు తాగుతోంది, వేడి ఎక్కణ్ణుంచి వస్తోంది అని కొలిచి రిపోర్టు ఇచ్చే పని మీద కన్ను పడింది. కానీ ఆ రిపోర్టు మీద గుర్తింపు పొందినవాళ్ళే సంతకం పెట్టాలి. గుర్తింపుకు ఇంజనీరింగు డిగ్రీ ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. ఆయనకున్నది ఐటీఐ. డిగ్రీ పెళ్ళాం దగ్గరుంది, బీరువాలో చీరల కింద. పెళ్ళైన ఇన్నేళ్ళకు అది గుర్తొచ్చింది.

"నువ్వు పాసైతే చాలు. ఇండ్లు నేను తిరిగి సూస్త. నువ్వు వంట జేస్కుంట సంతకం గీకు" అన్నాడు. చూశారా ఎంత సులువో! డిగ్రీ ఆమెది, చెయ్యి ఆమెది, పేరు ఆమెది, కళ్ళు మాత్రం ఆయనవి.

సుమన రాత పరీక్ష పాసైంది. ఇక మిగిలింది ఒక ఇంటిని స్వయంగా కొలిచి, వీడియో కాల్‌లో పరీక్షాధికారికి చూపించడం. కరోనా రెండో ఏడు, ఎవరూ ఎవరినీ గడప తొక్కనివ్వడం లేదు. సొంతిల్లే కొలవండి అన్నారు. ఏ గదిలో ఎంతమంది ఉంటారో కూడా రాయాలి, మనుషుల ఒంటి వేడీ లెక్కేనట. వేడిని రంగుల్లో చూపించే కెమెరా కొరియర్‌లో పంపారు.

వాళ్ళుండే మగ్గాల పేట డిండోలీలో ఎప్పుడూ ఇళ్ళల్లో కాళ్ళ కింద సన్నగా వణుకు ఉంటుంది, కింద ఎక్కడో మగ్గాలు ఆడుతూ. మగ్గాలు ఆగిపోయి ఆ మధ్యాహ్నం ఆ వణుకు కూడా లేదు. సుమన కెమెరా పట్టుకుని ఇల్లంతా తిరిగింది. నరహరి అప్పుడే లేచిన మంచం మీద పసుపుపచ్చగా ఒక నరహరి ఇంకా పడుకునే ఉన్నాడు. పడకగది చల్లగా, నీలంగా. వంటింటి గోడ మాత్రం ఎర్రగా మండుతోంది. మండదా మరి? ఏసీ బయటి డబ్బాని నరహరి తెచ్చి వంటింటి వెనక గిన్నెలు తోమే చోట బిగించాడు, పైపు కలిసొస్తుందని. వాన జల్లు రాకుండా ఆ చోటుకు రేకు కూడా కొట్టాడు. పడకగదిలో గుంజిన వేడంతా తిరిగి ఆమె వీపు మీదికే.

కెమెరా నేల మీదికి దించింది. పొయ్యి ముందు రెండు పాదాలు, వెచ్చగా. తనవే, ఇందాక నిలబడ్డవి. చూస్తుండగానే మాసిపోయాయి.

పక్కన ఇంకో రెండు. అవి మాయలేదు.

నీళ్ళు పోసి తుడిచింది. నేల నీలమైంది, పాదాలు మాత్రం నారింజరంగులో అట్లాగే ఉన్నాయి. ఎడమది నిండు పాదం. కుడిది వేళ్ళ అచ్చు మాత్రమే, మడమ లేదు.

సుమన వీపు మీద చెమట చల్లబడింది. కుడి మడమ కింద పెట్టలేక వేళ్ళ మీద నిలబడి రొట్టెలు చేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. అత్త ఎల్లవ్వ.

"నిలబడుడు అలవాటు జేస్కో పిల్లా, గీ ఇంట్ల మనకు కుర్సీ ఎయ్యరు" అనేది, నవ్వుతూనే. పోయినేడు వానల మొదట్లో ఒళ్ళు కాలిపోతుంటే "పండుకుంట బిడ్డా" అంది కొడుకుతో. "జర నాలుగు రొట్టెలైతే చేసి పండుకోవే అవ్వా" అన్నాడు నరహరి. సుమన కూడా జ్వరంతో పడి ఉంది అప్పుడు. రొట్టెలు అయ్యాయి. అంబులెన్సు వచ్చింది. శవాన్ని కూడా ఇంటికి తేనివ్వలేదు. ఎల్లవ్వ ఈ ఇంట్లో చివరిదాకా పడుకోనేలేదు. నిలబడే ఉంది.

ఇంకా నిలబడే ఉందా?

సుమన ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు కదా. రోజూ వంట చేసేటప్పుడు ఆ రెండు పాదాలకు చోటిచ్చి పక్కన నిలబడింది. ఒక్కోసారి ఎడమ మోచేతికి వెచ్చగా ఏదో తగిలేది. ఎందుకో, భయం తగ్గింది.

వీడియో కాల్ రోజు నరహరి ఫోనుకు కనపడకుండా ఫ్రిజ్ పక్కన నక్కాడు. "ఏసీ డబ్బా బయటి గోడకున్నదని చెప్పు. గిక్కడున్నదంటే తప్పు పడ్తది, మొత్తం పోతది" అని ముందే నూరిపోశాడు. అధికారి హిందీలో మర్యాదగానే అడిగాడు. కిటికీలు అడిగాడు, పైకప్పు అడిగాడు. తర్వాత, "వంటింట్లో ఎంతమంది ఉంటారు? సాధారణంగా సున్నా రాస్తారు" అన్నాడు.

నరహరి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు.

సున్నా అంటే పాసవుతుంది. పాసైతే, కాలు పెట్టని ఇళ్ళకు జీవితాంతం సంతకాలు. ఆ ఇళ్ళ వంటిళ్ళలో కూడా సున్నాలే.

"ఇద్దరం ఉంటాం సార్."

"పిచ్చి లేసిందా?" ఫ్రిజ్ పక్కనుంచి గుసగుస. "గా రెండో మనిషెవరే?"

సుమన కెమెరా తీసి పొయ్యి గోడ వైపు తిప్పింది. దాని తెరను ఫోనుకు దగ్గరగా పట్టింది. అధికారి కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మామూలుగా, ఏ తేడా లేని గొంతుతో అన్నాడు:

"గోడ సరిగా కనబడటం లేదు మేడమ్. ఆ పెద్దావిడను కొంచెం పక్కకు జరగమనండి."

నరహరి చేతి సున్నా విడిపోయింది. వంటింట్లోకి చూశాడు. సుమన తప్ప ఎవరూ లేరు.

సుమన ఎడమ మోచేతికి వెచ్చగా తగిలింది.

"ఆమెను జరపొద్దు సార్" అంది. "జరపాల్సింది గోడ వెనకున్న ఏసీ డబ్బాను. బిగించింది మా ఆయనే. తప్పని రాసుకోండి. కింద సంతకం నేనే పెడతాను."