దాలయ్య గొంతు

ఉదయం పాసింజరుకి వదినా మరదళ్లిద్దరూ ఆమదాలవలసలో ఎక్కేవారు. ఉష చేపల తట్ట పక్కన పెట్టుకుని తలుపు దగ్గర కూర్చునేది. ఈశ్వరి గిటారు ఒళ్లో పెట్టుకుని కొత్త పాట రాసుకునేది. విజయనగరంలో దిగాక ఒకరు మార్కెట్టుకి, ఒకరు రిహార్సల్‌కి.

ఈశ్వరి అన్న, ఉష మొగుడు దాలయ్య ఆరేళ్ల కిందట సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఈశ్వరి ఏ పాట రికార్డు చేసినా వెనకాల అన్న గొంతు కూడా పడేది. రాజాం కాలేజీలో పెట్టిన మొదటి బ్యాండు వాళ్లకి అది అలవాటైపోయింది. "మీ అన్న చరణంలో శ్రుతి దిగిపోతన్నాడే," అనేవాడు డ్రమ్ములు వాయించే వెంకీ. చదువులయ్యాక ఆ బ్యాండువాళ్లు తలోదారి పట్టారు.

రెండో బ్యాండు ఉమాశంకర్‌ది. ఈశ్వరి పాటలతోనే దానికి పేరొచ్చింది. ఒక కంపెనీ ఆల్బమ్ చేస్తామంది, కానీ మగ గొంతు ఉండకూడదంది.

"మనిషే లేడు. ఇంకా ఎన్నాళ్లు మోస్తావు?" అన్నాడు ఉమాశంకర్.

"ఇంటికాడ మా వదిన వింటాది," అంది ఈశ్వరి.

ఈశ్వరి బ్యాండు వదిలేసింది. ఆమె రాసిన పాటలు ఇంకో అమ్మాయి పాడింది. బస్సుల్లో అవి వినపడితే ఈశ్వరి మధ్యలోనే దిగిపోయేది.

ఉష నిజంగానే వినేది. పడవల ఇంజన్లు బాగుచేసే నూకయ్య ఆమెను పెళ్లాడతానని రెండుసార్లు కబురు పెట్టాడు. "మనిషి పాడతన్నాడు కదా, ఎలా సేసుకుంటాను?" అంది ఉష. ఆ మాట విన్నాక ఈశ్వరి ఏడాదిపాటు పాట ముట్టలేదు. వదిన్ని కట్టిపడేసింది తన పాటలేనని లోలోపల కుమిలిపోయింది.

చివరికి పాడకుండా ఉండలేక, రిహార్సల్ చేసుకునే అద్దెగదిలో ఒక్కతే కూర్చుని ఒక పాట రికార్డు చేసుకుంది. తన పల్లవి అయిపోయాక, కాగితం మీద లేని ముక్క ఒకటి దాలయ్య పాడాడు.

"ఒడ్డు కేసి సూడకు ఉషా, నానింక రాను."

చెరిపెయ్యాలని చెయ్యి పోయింది. చెరపలేదు. ఇంటికెళ్లి వదిన చేతికి ఫోనిచ్చింది.

ఉష రెండుసార్లు వింది.

"ఇది నువ్వు రాసినావేటే?"

"లేదొదినా."

మూడోసారి కళ్లు మూసుకుని వింది. పొలుసులంటిన చేతులు చీరకి తుడుచుకుంది. ఫోను తిరిగిచ్చి అడిగింది.

"నూకయ్య నంబరు నీకాడున్నాదా?"

ఈశ్వరి నంబరు వెతికింది. ఇకమీద తన పాటల్లో తన గొంతొక్కటే ఉంటుందని తెలిసి, ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పింది.