జలుబు తగ్గాక

ఆయమ్మ మూడో మంచం మీద పక్క మార్చి, తడిసిన గుడ్డను బకెట్లో వేసి నడుం ఎత్తేలోగా ఆ చివరి మంచం మీది పిల్లవాడు పక్క పాడుచేశాడు.

"వస్తున్నా నాయనా. నీకంటే ముందు వచ్చినవాళ్ళే ఇంకా వరసలో ఉన్నారు," అంది.

చలికాలం వస్తే పిల్లల విరేచనాల వార్డుకు ఊపిరి సలపదు. మంచానికి ఇద్దరేసి పిల్లలు, వాళ్ళ తల్లులు, అందరికీ కలిపి ఒకే ఆయమ్మ. బ్లీచింగు నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయి, గోళ్ళ పక్కన చీరుకుపోయాయి. ఇంటికెళ్ళి తిండికి కూర్చుంటే కూరలో ఉప్పు తగిలి భగ్గుమంటాయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళను చెంచాతో కొద్దికొద్దిగా పట్టమని తల్లులకు చెప్పడం కూడా ఆమె పనే. వాళ్ళకది నచ్చదు. నెత్తిమీద సెలైన్ సీసా వేలాడితేనే వాళ్ళ లెక్కలో వైద్యం. "కక్కినా పొయ్యమ్మా. కాసేపాగి మళ్ళీ పొయ్యి," అని చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది.

ఆ ఉదయం ఇంట్లో కోడలు అడిగింది. "అత్తయ్యా, బాబుకు ఇవాళ రోటా చుక్కలు వేయించాలి. మీతో పాటే రానా?"

విరేచనాల జబ్బు ముదరకుండా కాపాడే చుక్కలవి. మనవడు కోడలి ఒళ్ళో ముక్కు కారుస్తూ పడుకుని ఉన్నాడు. ఇద్దరినీ వెంటేసుకుని కిక్కిరిసిన బస్సు ఎక్కడం తలుచుకుంటేనే ఆయమ్మకు నీరసం ముంచుకొచ్చింది. "జలుబుగా ఉంది కదమ్మా. తగ్గాక చూద్దాంలే," అని సంచి తగిలించుకుని వచ్చేసింది.

పొద్దెక్కాక ఒక చిన్నవయసు తల్లి పరుగున లోపలికి వచ్చింది. చేతుల్లో ఆడపిల్ల తడిగుడ్డలా వేలాడుతోంది. కళ్ళు లోతుకు పోయాయి, మాడు గుంటపడింది, ఏడుపులో కన్నీరు లేదు. అప్పుడే ఖాళీ అయిన కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. నర్సు ఒక చేయి చూసింది, రెండో చేయి చూసింది. నరం దొరకలేదు. డాక్టరు కాలికి ప్రయత్నిస్తుంటే ఆయమ్మ ఆ పాదాన్ని కదలకుండా పట్టుకుంది. పాదం చల్లగా ఉంది.

"రోటా చుక్కలు వేయించారా?" చూపు తిప్పకుండానే అడిగాడు డాక్టరు.

"లేదండీ. అప్పుడు జలుబుగా ఉందని... తగ్గాక తీసుకెళ్దామనుకున్నాం," అంది తల్లి.

"జలుబుకు ఆపక్కర్లేదమ్మా," అన్నాడాయన. తిట్టినట్టు కాదు, అలసిపోయినట్టు అన్నాడు.

ఆ మాట ఈ వార్డులో ఆయమ్మ ఎన్నిసార్లు విందో. ఊళ్ళో పిల్లలందరి పక్కలూ మార్చే మనిషి ఇంట్లోనే దీపం కింద చీకటి. తన మీద తనకే అసహ్యం వేసింది. చివరికి నరం దొరికి సీసా ఎక్కించాక, వరండాలోకి పోయి తడిచేత్తోనే ఫోను చేసింది.

"బాబును తీసుకుని ఇప్పుడే రా. బండి మాట్లాడుకో."

"జలుబు తగ్గలేదత్తయ్యా. పొద్దున మీరేగా..."

"నేనే అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. వయసు దాటితే మొదటి విడత వెయ్యరు. చుక్కల గది మూసేలోగా రా తల్లీ."

కోడలు రొప్పుతూ వచ్చేసరికి చుక్కల గదిలో వరస అయిపోవచ్చింది. నర్సును బతిమాలి ఆయమ్మ కూడా వార్డు దాటి అక్కడికి వెళ్ళింది. బుగ్గలోకి మందు మెల్లగా వదిలితే మనవడు మొహం చిట్లించి, చప్పరించి, ఇంకా పెట్టమన్నట్టు నోరు తెరిచాడు. కోడలు నవ్వింది. ఆయమ్మ కొంగుతో వాడి మూతి తుడిచింది.

"మిగతా విడతలకు నేనే తీసుకొస్తా," అంది.

తిరిగి వచ్చేసరికి వార్డులో తల్లులంతా తమ పిల్లలను ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నారు. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది.

"పిల్ల పోయిందాయమ్మా," అంది ఒకామె. "తల్లి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనే ఎత్తుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది."

ఆయమ్మ పక్కగుడ్డ తీసింది, రెక్సిన్ తుడిచింది. గుమ్మం దగ్గర అప్పుడే ఇంకెవరో బిడ్డను భుజాన వేసుకుని మంచం కోసం చూస్తున్నారు. నేల కూడా తుడిచేద్దామని వంగింది.

మంచం కింద ఆ తల్లి చెప్పులున్నాయి, ఒకదానికి తెగిన పట్టీ దగ్గర పిన్నీసు పెట్టి.