పలకరించకూడని పిచర్

రాయిస్ హాడక్ జట్టులో పదమూడు మంది పిచర్లున్నారు. వాళ్ళలో ఆయన నమ్మేది ఒక్కణ్ణే. వసంతకాలమంతా తిరిగి వెండెల్ థార్ప్ తేల్చిన అంచనా ఇంతే.

వెండెల్ కెల్సో కాలేజీ బేస్‌బాల్ జట్టుకు పిచింగ్ కోచ్. తన పిచర్లకు బంతి విసరడం నేర్పడం అతని మొదటి పని. ఎదుటి జట్టు పిచర్లను ముందే చూసి, ఎవరి బంతి ఎప్పుడు ఎలా వస్తుందో తన బ్యాటర్లకు చెప్పడం రెండోది. మిసిసిపీలో తమ లీగ్‌లో ఆడే జట్లన్నిటినీ అలాగే చూశాడు. టాల్వర్ స్టేట్‌ను మాత్రం మిగతావాటి కంటే ఎక్కువసార్లు చూశాడు. టాల్వర్‌కు హెడ్ కోచ్ హాడక్. పదిహేడేళ్ళ కిందట వెండెల్ ఆయన దగ్గరే పిచర్.

వెండెల్ కుడిచెయ్యి పూర్తిగా మడతపడదు. వేళ్ళు భుజానికి జానెడు దూరంలో ఆగిపోతాయి. గడ్డం ఎడమచేత్తో గీసుకుంటాడు.

ఆ చెయ్యి పోయిన రోజే అతనికి పేరొచ్చింది. ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, అంటే ఎవరూ బంతి కొట్టి బేస్ చేరకుండా, ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్ ముగించాడు. పిచర్‌కు అంతకన్నా పెద్ద గెలుపు లేదు. ఎక్కువమందికి జీవితంలో రాదు. ఆట అలా సాగుతున్నప్పుడు పాటించే పద్ధతి ఒకటుంది. ఆ పిచర్‌తో సొంత జట్టులో ఎవరూ మాట్లాడరు. బెంచీ మీద అతని పక్కన కూర్చోరు. మైదానం చివర కంచెలో మరో పిచర్ లేచి చెయ్యి వేడి చేసుకోడు. చేస్తే దిష్టి తగులుతుందంటారు.

ఆరో ఇన్నింగ్స్‌లో వెండెల్ మోచేతి లోపల ఏదో తెగింది. బెంచీ దగ్గరికి వచ్చి హాడక్ వైపు చూశాడు. హాడక్ మొహం తిప్పుకున్నాడు. పక్కనున్న ముగ్గురూ అవతలికి జరిగారు. ఎవరూ అడగలేదు గనక వెండెల్ చెప్పలేదు. మిగిలిన మూడు ఇన్నింగ్స్ ఆ చేత్తోనే వేశాడు. రెండు ఆపరేషన్ల తర్వాత కూడా బంతి వేగం తిరిగి రాలేదు. ప్రొఫెషనల్ జట్ల మనుషులు వచ్చి అడిగితే హాడక్ అందరికీ ఒకే మాట చెప్పాడు. "చెయ్యి బాగానే ఉందండీ. మనిషే మెత్తన." మరుసటేడు వెండెల్ స్కాలర్‌షిప్ ఆపేశారు.

ఈ ఏడు సీజన్ ఆఖరి వారాంతంలో కెల్సో, టాల్వర్ మైదానంలో ఆడుతోంది. శుక్రవారం ఆట టాల్వర్ గెలిచింది, శనివారం ఆట కెల్సో గెలిచింది. ఆదివారం గెలిచినవాళ్ళకు లీగ్ టోర్నమెంట్. ఓడినవాళ్ళు ఇంటికి. హాడక్‌కు ఇది ఆఖరి సీజన్. టోర్నమెంట్‌కు చేరితే మైదానానికి ఆయన పేరు పెడతామని ట్రస్టీలు మాటిచ్చారు. బోర్డు రాయించి గేటు మీద బిగించారు కూడా. దాని మీద నీలం గుడ్డ కప్పి ఉంచారు.

ఆదివారం పొద్దున మోటెల్‌లో టిఫిన్ బల్లల దగ్గర వెండెల్ తన బ్యాటర్లను కూర్చోబెట్టాడు.

"ఇవాళ హాడక్ నమ్మేవాడే, అమొరీ టీల్, వేస్తాడు. ఫాస్ట్ బంతి మోకాళ్ళ దగ్గరికొస్తుంది. కర్వ్ బంతి వంకర తిరుగుతుందని తెలిసినా కొట్టలేరు. మొదటి ఆరు ఇన్నింగ్స్ మీ వల్ల కాదు."

డెస్మండ్ పికెట్ మొక్కజొన్న జావ గిన్నె పక్కకి పెట్టాడు. జట్టులో అందరికన్నా పొట్టివాడు, అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాడు. "చాలా థాంక్స్ కోచ్. ఇప్పుడు జావ ఇంకా బాగా దిగుతుంది."

"కొట్టమని ఎవడన్నాడు? విసిరించండి. మూడో స్ట్రైక్‌కి కదా ఔట్, రెండు పడేదాకా బ్యాట్ కదలొద్దు. ఆ తర్వాత వచ్చినవాటిని గీత బయటికి నెడుతూ ఉండండి. మంగళవారమే వాడితో ఐదు ఇన్నింగ్స్ వేయించారు. ఆరో ఇన్నింగ్స్ దాటాక ఆ చెయ్యి పనిచెయ్యదు."

"పనిచెయ్యకపోతే తీసేస్తారుగా?"

"హాడక్ తియ్యడు."

"మీకెలా తెలుసు?"

వెండెల్ ఎడమచేత్తో కాఫీ అందుకున్నాడు. "తియ్యడు," అన్నాడు మళ్ళీ.

టాల్వర్ మైదానంలో గేటు దాటగానే గోడ మీద పదిహేడేళ్ళ కిందటి ఆ గెలుపు ఫొటో ఉంది. పిల్లలు హాడక్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్నాడు. అంచున పంతొమ్మిదేళ్ళ వెండెల్ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కింద ఇత్తడి రేకు మీద హాడక్ పేరుంది.

ఆట మొదలుకాకముందు హాడక్ కంచె దగ్గరికి వచ్చాడు. "ఏరా వెండెల్, నీ మోచేతికి వాన ముందే తెలుస్తుందట కదా. ఇవాళ పడుతుందా?"

"లేదు కోచ్. ఆట పూర్తిగా సాగుతుంది."

"నీ పిల్లలకి మా టీల్ గురించి చెప్పావా?"

"చెప్పాను. మీ గురించీ చెప్పాను."

హాడక్ నవ్వి వెళ్ళిపోయాడు.

టాల్వర్ రెండో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు చేసింది. కెల్సో బ్యాటర్లు చెప్పినట్టే చేశారు. నిలబడ్డారు, చూశారు, బంతుల్ని గీత బయటికి నెట్టారు, ఔటయ్యారు. ఐదో ఇన్నింగ్స్ ముగిసేసరికి బోర్డు మీద కెల్సో హిట్ల దగ్గర సున్నా ఉంది. స్టాండ్స్‌లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వలుచుకుంటున్నవాళ్ళు వలవడం ఆపారు. టాల్వర్ డగౌట్‌లో మాటలు ఆగిపోయాయి. టీల్ బెంచీ చివర ఒక్కడే కూర్చున్నాడు. మైదానం చివర కంచెలో మిగతా పిచర్లు జాకెట్లు వేసుకుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు.

ఆరో ఇన్నింగ్స్ తర్వాత టీల్ కుడిచేతిని తొడ కింద పెట్టుకున్నాడు. అతని జట్టులో ఎవరూ చూడలేదు, చూడకూడదు. ఇవతలి డగౌట్ నుంచి వెండెల్ చూశాడు. చెయ్యి వణికితే పిచర్ అలా పెట్టుకుంటాడు. వెండెల్ కూడా ఆ బెంచీ మీదే అలా పెట్టుకున్నాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో టీల్ కర్వ్ వెయ్యలేదు. ప్రతి బంతి తర్వాత చేతిని కిందికి వదిలి విదిలించాడు. మోచెయ్యి భుజం కిందికి జారింది. అయినా ఆ ఇన్నింగ్స్‌కు కావలసిన ముగ్గుర్నీ ఔట్ చేశాడు. ఇన్నింగ్స్ అయ్యాక నడిచి వచ్చి హాడక్ ముందు ఆగాడు. హాడక్ మొహం తిప్పుకున్నాడు.

వెండెల్ లేచి తన హెడ్ కోచ్ దగ్గరికి వెళ్ళాడు. లోనీ సేల్స్ డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. బ్యాటర్లకు సైగలిచ్చేది ఆయనే.

"లోనీ, పికెట్‌తో బంట్ కొట్టించు."

బంట్ అంటే బ్యాట్ ఊపకుండా, అడ్డం పెట్టి బంతిని కాళ్ళ ముందు జారవిడిచి మొదటి బేస్‌కు పరిగెత్తడం. హిట్ ఇవ్వకుండా వస్తున్న పిచర్ మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలా కొట్టడం నిషేధం కాదు. అయినా దొంగదెబ్బ అంటారని ఎవరూ కొట్టరు.

సేల్స్ అతని మొహంలోకి చూశాడు. "నీకు మతి పోయిందా? మనం ఊరు దాటి వెళ్ళనక్కర్లేదా?"

"ఒక్క పరుగే కదా వెనకున్నాం."

"పరుగు సంగతి కాదు. ఇంకో ఇన్నింగ్స్ ఆగితే వాడంతట వాడే పడిపోతాడని పొద్దున నువ్వే చెప్పావ్."

"పడతాడు."

"మరి?"

"పడేలోపు ఆయనకి రెండో ఫొటో వస్తే?"

సేల్స్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "ఇది నీకూ హాడక్‌కీ ఉన్న గొడవ."

"అవును."

"ఆ పిల్లాడు మధ్యలో ఉన్నాడు."

"అందుకే ఇప్పుడే కొట్టించు."

సేల్స్ టోపీ పెట్టుకుని, సైగలివ్వడానికి మూడో బేస్ వైపు నడిచాడు. వెళ్తూ వెళ్తూ, "చర్చిలో నాతో మాట్లాడేవాడు ఇక ఉండడు," అన్నాడు.

పికెట్ సైగ చూసి నమ్మలేక మళ్ళీ అడిగాడు. సేల్స్ మళ్ళీ ఇచ్చాడు. టీల్ విసిరాడు. పికెట్ బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి గడ్డి మీద దొర్లి ఆగింది. టీల్ పరిగెత్తి, వంగి, తీసి మొదటి బేస్‌కు విసిరాడు. బంతి దారిలోనే నేలను తాకింది. పికెట్ దాటేశాడు. బోర్డు మీద సున్నా ఒకటైంది.

స్టాండ్స్ నుంచి వేరుశనగ తొక్కలు, ఐసు ముక్కలు, తిట్లు కలిసి వచ్చి పడ్డాయి. మొదటి బేస్ వెనక చర్చి గౌనులో ఉన్న ఒక ముసలామె కంచె పట్టుకుని నిలబడింది. "మీ అమ్మ నీకేం నేర్పిందిరా?"

"బంట్ కొట్టడం నేర్పిందండీ," అన్నాడు పికెట్.

హాడక్ మెట్లెక్కి వచ్చి కెల్సో డగౌట్ వైపు వేలు చూపించి అరిచాడు. వెండెల్ కదల్లేదు. హాడక్ వెనక, బంతి చేతికొచ్చిన టీల్ మళ్ళీ విసిరాడు. అది బ్యాటర్‌కు ఒక గజం ముందే మట్టిలో పడింది. తర్వాతదీ అంతే.

బ్యాటర్ వెనక బంతి పట్టే టాల్వర్ క్యాచర్ లేచి టీల్ దగ్గరికి నడిచాడు. ఆడుతున్న ఆటలో హిట్ వచ్చేసింది గనక ఇప్పుడు మాట్లాడవచ్చు. గంట పైన టీల్‌ను ఎవరూ పలకరించలేదు.

"చెయ్యెలా ఉందిరా?" అని అడిగాడు క్యాచర్.

టీల్ ఏం చెప్పాడో స్టాండ్స్‌లో ఎవరికీ వినపడలేదు. క్యాచర్ ముసుగు తీసి, డగౌట్ వైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు. అంత మందిలో చేతులూపాక పిచర్‌ను ఉంచడం హాడక్ చేతిలో లేదు. ఆయన మైదానం చివర కంచె వైపు చూశాడు. అక్కడ అందరూ జాకెట్లలోనే ఉన్నారు. వెయిడ్ అనే ఎడమచేతి పిచర్ నోట్లోని గింజలు ఉమ్మేసి లేచాడు.

అంపైర్ హాడక్ దగ్గరికి వచ్చాడు. "గాయమా కోచ్? గాయమైతే చెప్పండి. కొత్తవాడు చెయ్యి వేడి చేసుకోవడానికి కావలసినంత సేపు ఇస్తాను."

హాడక్ స్టాండ్స్ వైపు చూశాడు. ట్రస్టీలు ఒక వరుసలో కూర్చున్నారు. తగిన విశ్రాంతి ఇవ్వకుండా మంగళవారం టీల్‌తో ఎందుకు వేయించారని బుధవారం పేపర్లో అడిగిన విలేకరి వాళ్ళ వెనకే ఉన్నాడు. గాయమంటే తప్పు ఒప్పుకున్నట్టే.

"గాయం లేదు," అన్నాడు హాడక్. "చెయ్యి బాగానే ఉంది. మారుస్తున్నానంతే."

"అయితే చెయ్యి వేడి చేసుకోవడానికి ఎనిమిది బంతులే."

ఆ మాటలు కెల్సో డగౌట్ దాకా వినపడ్డాయి. వెండెల్ తన బ్యాటర్ల వైపు తిరిగాడు. "వెయిడ్. చెయ్యి చల్లగా ఉంటే బంతి పైకి పోతుంది. కొట్టొద్దు, నిలబడండి."

వెయిడ్ ఎనిమిది బంతులు విసిరాడు. గురి తప్పిన బంతులు నాలుగైతే బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే దక్కుతుంది; టీల్ వదిలివెళ్ళిన బ్యాటర్‌కు అలాగే ఇచ్చాడు. తర్వాతివాడికీ ఇచ్చాడు. మూడు బేసులూ నిండాయి. నాలుగోవాడికి బంతి నడుమెత్తులో వచ్చింది. అతను కొట్టింది కుడివైపు గోడ దాకా దొర్లింది. బేసుల మీదున్న ముగ్గురూ చుట్టు పూర్తిచేసి పరుగులు తెచ్చారు. మూడు ఒకటి. టాల్వర్‌కు మిగిలిన రెండు ఇన్నింగ్స్‌లో ఏమీ రాలేదు.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా నడిచి చేతులు కలపాలి. హాడక్ వెండెల్ ఎదుటికి వచ్చి ఆగాడు.

"చేతకాక బంట్ కొట్టించావు. వాడి చెయ్యి బాగానే ఉంది. ఇంకో రెండు ఇన్నింగ్స్ వేసేవాడు."

"నాదీ బాగానే ఉందన్నారు కోచ్," అన్నాడు వెండెల్. "అడిగినవాళ్ళందరికీ చెప్పారు." కుడిచెయ్యి చాపాడు. హాడక్ దాన్ని చూశాడు, ముట్టుకోకుండా ముందుకు వెళ్ళాడు.

బస్సు గేటు బయట ఉంది. బోర్డు మీద నీలం గుడ్డ అలాగే ఉంది. ఇద్దరు పనివాళ్ళు నిచ్చెన తెచ్చి, గుడ్డ తియ్యాలో బోర్డే దించాలో తెలియక కింద నిలబడ్డారు. వెండెల్ బస్సు మెట్టు ఎక్కబోతుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. టీల్. మోచేతికి ఐసు సంచీ కట్టి ఉంది.

"గోడ మీద ఫొటోలో ఉన్నది మీరేగా?"

"నేనే."

"మీకు ఆ పేరుంది. నాకు లేకుండా చేశారు."

"చేశాను."

"ఎందుకండీ? నేను మీకేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నాకు మీ కోచ్ మీద కోపం."

టీల్ ఐసు సంచీని చేతికి అదుముకున్నాడు.

"కుడిచేత్తో భుజం ముట్టుకో," అన్నాడు వెండెల్.

"ఏంటి?"

"ముట్టుకో."

టీల్ చెయ్యి మడిచాడు. ఐసు సంచీ జారి కింద పడింది. పళ్ళు బిగించి, వేళ్ళతో భుజం ముట్టుకున్నాడు.

"రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మీ కోచ్ పంపించే డాక్టర్ దగ్గరికి కాదు. మీ అమ్మని తీసుకెళ్ళు."

టీల్ వెండెల్ కుడిచేతిని చూశాడు. "మీరు ముట్టుకోగలరా?"

వెండెల్ చెయ్యి మడిచి చూపించాడు. జానెడు దూరంలో ఆగిపోయింది. టీల్ ఆ జానెడునే చూస్తూ నిలబడ్డాడు.

బస్సు కిటికీలోంచి పికెట్ అరిచాడు. "కోచ్, ఎక్కండి! ఆ గౌను ముసలావిడ మన బస్సు వెతుక్కుంటూ వస్తోంది!"

టీల్ వంగి ఎడమచేత్తో ఐసు సంచీ తీసుకున్నాడు. "అయినా మిమ్మల్ని క్షమించను," అన్నాడు.

"వద్దు. ఆ కోపం దాచుకో. ఎవరి మీదో మాత్రం ఇంటికెళ్ళాక ఆలోచించు."

టీల్ ఇంటి వైపు వెళ్ళలేదు. ఐసు సంచీ చెత్త డబ్బాలో పడేసి, గేటులోంచి లోపలికి, హాడక్ గది వైపు నడిచాడు. వెండెల్ బస్సు ఎక్కి, ఆ గేటు కనపడే కిటికీ పక్కన కూర్చున్నాడు.